ఒక్క రింగు

వేపపుల్ల నోట్లో ఉండగానే సాబిర్ ఫోన్ తీసి చూసుకున్నాడు. డెబ్బై నాలుగు. బాగానే ఉంది. పుల్లను ఎడమ దవడ నుంచి కుడి దవడకు మార్చి, ఉమ్మేసి, మళ్లీ చూశాడు. డెబ్బై ఆరు. ఇదీ బాగానే ఉంది. ఆ అంకెలు ఏ మనిషివో ఆ మనిషి నాలుగడుగుల అవతల, వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తితే కనిపిస్తుంది, అడిగితే చెబుతుంది. అయినా ఆ పెద్దమనిషి, పెళ్లాం ఎలా ఉందో ఫోన్‌ను అడుగుతున్నాడు.

"నేను ఈడ్నే ఉన్న, సుమేరా అబ్బా," అంది ఫజిలత్, ఎప్పటిలాగే కూతురి పేరు పెట్టి మొగుణ్ని పిలుస్తూ, తలెత్తకుండానే. "నన్ను అడుగరాదు?"

"నిన్నడిగితే ఏమంటవ్? మంచిగనే ఉన్న అంటవ్. నల్లా కాడ పడిపోయిన నాడు కూడా గదే అంటివి."

ఆ మాట నిజమే. పోయిన వానాకాలం ఒక పొద్దున బిందె నల్లా కింద పెట్టి, అది నిండేలోపే ఫజిలత్ కూలబడిపోయింది. పక్కింటి ద్వాలి కేక విని సాబిర్ పరుగెత్తుకొచ్చేసరికి కళ్లు తెరిచి, "మంచిగనే ఉన్న, బిందె పొర్లుతున్నది చూడు" అంది. కొత్తగూడెం దవాఖానాలో ఒకరోజు ఉంచుకుని ఖమ్మం తీసుకుపొమ్మన్నారు. ఖమ్మంలో డాక్టరు ఆమె గుండెను తెర మీద చూపించాడు. గుండె బలహీనపడిందనీ, అది కొట్టుకునే లయ ఎప్పుడైనా తప్పొచ్చనీ చెప్పాడు. మందులు వేసుకోవాలి, ఉప్పు మానేయాలి. లయ తప్పిననాడు మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, తొందరగా తెస్తే మేం చూసుకుంటాం అన్నాడు. ఆ ఆఖరి మాట సాబిర్ మనసులో మేకులా దిగిపోయింది. తొందరగా తేవాలి. తేవాలంటే ముందు తెలియాలి కదా!

తెలియడానికే కూతురు సుమేరా ఆ బ్యాండు కొనుక్కొచ్చింది. సుమేరా ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో కాపురముంటూ అక్కడే ఒక బడిలో పాఠాలు చెబుతుంది. ఆ బ్యాండు చూడటానికి చేతి గడియారంలాగే ఉంటుంది. అడుగున పచ్చటి దీపం వెలిగి, మణికట్టు నాడి చూసి, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెబుతుంది. ఆ అంకెను ఫజిలత్ పక్కనుండే ఫోన్ అందుకుని సాబిర్ ఫోన్‌కు పంపుతుంది. ఎంతసేపటికోసారి పంపాలన్నది మన ఇష్టం. యాప్‌లో ఒక గీత, దాని మీద ఒక చుక్క ఉంటాయి. చుక్కను ఎడమ కొసకు లాగితే నిమిషానికోసారి. కుడికి జరిపేకొద్దీ ఐదు నిమిషాలు, పావుగంట, అరగంట, గంట, ఆ కొసన రెండు గంటలకోసారి. సుమేరా దాన్ని అరగంట దగ్గర పెట్టి ఇచ్చింది. ఆమె ఖమ్మం బస్సు ఎక్కిందో లేదో సాబిర్ నిమిషానికి లాగేశాడు.

"అబ్బా, గట్ల పెడితే పొద్దుమూకేసరికి బ్యాటరీ అయిపోతది," అని ఆ సాయంత్రమే ఫోన్ చేసింది సుమేరా. "తేడా వస్తే అదే గట్టిగ మోగుతది. ఊకె టింగుమనే సౌండ్ తీసెయ్యి."

"మోగకపోతే మీ అమ్మీ మంచిగున్నట్టా, సిగ్నల్ పోయినట్టా? ఎట్ల తెలుస్తది బిడ్డా?"

జూలూరుపాడులో సిగ్నల్ సంగతి జూలూరుపాడులో పెరిగిన పిల్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఊరవతల అడవి మొదలవుతుంది. మబ్బు పట్టినా, గాలి లేచినా ఫోన్ మూగబోతుంది. అందుకే సాబిర్ మౌనాన్ని నమ్మడం మానేశాడు. అతని జేబు నిమిషానికోసారి టింగుమనేది. సాబిర్ వస్తుంటే మెడలో గంట కట్టిన మేక వస్తున్నట్టుందని బజారులో నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. ఒక్కో టింగూ ఆమె ఉన్నదన్న కబురు. అలాంటి కబురు రోజంతా వస్తుంటే ఎవరికి చేదు?

చిక్కు వచ్చిపడింది పని దగ్గర.

సాబిర్‌ది వైండింగు పని. కొత్తగూడెం రోడ్డు మీద ఎరువుల దుకాణం పక్కన రేకుల షెడ్డు. బోర్లలో దించిన మోటార్లు కాలిపోతే చుట్టుపక్కల రైతులు అతని దగ్గరకే మోసుకొస్తారు. ఏళ్ల తరబడి వంగి కూర్చోవడంతో మనిషి నిలబడినా కూర్చున్నట్టే కనిపిస్తాడు. కుడిచేతి చూపుడువేలి మీద రాగితీగ ఒరుసుకుని ఒరుసుకుని ఒక గాడి పడింది. అందులో అన్నం మెతుకు ఇరుక్కుంటుందని ఫజిలత్ వేళాకోళం చేసేది. పెదవులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. కొత్తవాళ్లు చూసి దువా చదువుకుంటున్నాడనుకుంటారు. అది దువా కాదు, లెక్క.

బోరు మోటారు అంటే పైకి ఒక ఇనుప గొట్టమే. లోపలి గోడ పొడవునా సన్నటి గాళ్లుంటాయి. ఒక్కో గాడిలో తీగ ఇన్నిసార్లు పోయి రావాలని లెక్క. ఈ కొసన దూర్చాలి, ఆ కొసన లాగాలి, ఇంకో గాడిలోంచి వెనక్కి పంపాలి. చేతులతో చెయ్యాలి, నోటితో లెక్కపెట్టుకోవాలి. రెండు చుట్లు తక్కువైనా మోటారు తిరుగుతుంది. అందులోనే ఉంది మోసం. కొన్నాళ్లు బుద్ధిగా తిరిగి, లోలోపల వేడెక్కి, రైతుకు నీళ్లు బాగా కావాల్సిన రోజు చూసి మరీ కాలిపోతుంది.

ఇద్దరు కూర్చుంటేనే ఆ పని సాఫీగా సాగుతుంది. పెళ్లైన కొత్తలో సాబిర్‌కు మనిషిని పెట్టుకునే తాహతు లేదు. ఫజిలత్‌నే గొట్టానికి అటువైపు కూర్చోబెట్టాడు. అతను దూర్చేవాడు, ఆమె లాగేది. అతను పైకి లెక్కపెడుతుంటే ఆమె లోపల లెక్కపెట్టుకునేది. గాడి నిండాక ఇద్దరి లెక్కా కలిసిందో లేదో చూసుకునేవాళ్లు. గొట్టంలోంచి అటు కొసన అతనికి ఆమె కళ్లు కనిపించేవి. వాళ్ల కాపురంలో సగం మాటలు ఆ గొట్టంలోంచే నడిచాయంటే అబద్ధం కాదు. సుమేరా కడుపున పడ్డ సంగతి కూడా ఫజిలత్ అందులోంచే చెప్పింది. అదీ గాడి పూర్తయ్యేదాకా ఆగి చెప్పింది. "మధ్యల చెప్తే లెక్క తప్పుతవని ఆగిన," అంది. సాబిర్ ఆ రోజు తర్వాతి గాడి మొత్తం తప్పు చుట్టి విప్పుకున్నాడు.

పాప పుట్టి, ఆమె ఇంటిపట్టున ఉండాల్సి వచ్చాక ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. ఫోన్ ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే తొందరేం లేదు, చేతిలో ఉన్న గాడి పూర్తి చేసుకుని తిరిగి ఫోన్ చెయ్యి అని. వెంటవెంటనే రెండుసార్లు మోగితే లెక్క వదిలేసి రా అని. ఇన్నేళ్లలో ఫజిలత్ ఆ రెండో రింగు ఇచ్చిన పాపాన పోలేదు. ఆ ఒక్క రింగుకు అతని నోరు ఎంత అలవాటు పడిందంటే, అది మోగుతున్నా లెక్క దాని మీదుగా దాటుకుంటూ పోయేది.

టింగుమనే చప్పుడు అలా కాదు. మోగితే ఎంత వచ్చిందో చూడాలి. చూడకపోతే ప్రాణం ఒప్పదు. చూస్తే లెక్క పోతుంది. పోయిన లెక్కను సాబిర్ ఉజ్జాయింపుగా అందుకుని సాగించేవాడు. జీవితంలో ఎప్పుడూ చెయ్యని పని అది. ఫలితం ఊరికే పోలేదు. వెంకటప్పయ్య మోటారు బోరులోకి దిగిన కొద్ది రోజులకే కాలి తిరిగొచ్చింది. సాబిర్ చుట్టిన మోటారు ఇలా వాపసు రావడం అదే మొదలు. విప్పి చూసుకుంటే రెండు గాళ్లలో చుట్లు తక్కువ. ఎక్కడ తప్పాయో అతనికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. కాలిన తీగ కట్ట ఇంటికి తెచ్చి మూలన పడేశాడంతే. ఆ రంగు చూసే ఫజిలత్ సంగతి గ్రహించింది.

ఇప్పుడు చిక్కుళ్ల చాట పక్కకు జరిపి చెయ్యి చాపింది. "ఆ ఫోన్ ఇటు తే."

"ఎందుకు?"

"ఇయ్యాల వెంకటప్పయ్య మోటార్ కతం చెయ్యాలంటివి కదా. ఆ చుక్కను జర దూరం జరుపు."

"జరుపను."

"నేనేం ఉరికిపోనయ్యా! ఈడ్నే ఉంట." ఆమె గొంతు మెత్తబడింది. "ఇన్నేండ్లల్ల నీ మోటార్ ఒక్కటి వాపసు రాలే. నాకు బీమారి వచ్చినంక వచ్చింది. నాకెట్లుంటది చెప్పు?"

కూరగాయల బండి దగ్గర బేరంలా సాగింది ఆ తర్వాత. ఆమె గంట అంది. అతను ఐదు నిమిషాలన్నాడు. ఆమె అతని చూపుడువేలు పట్టుకుని చుక్క మీద పెట్టించి కుడికి తోసింది. అతను పావుగంట దగ్గర బిగబట్టి ఆపేశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వితే ఆమెకు ఆయాసం వస్తుంది, వచ్చింది, పోయింది.

చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి అంది: "వచ్చేటప్పుడు రేగుపండ్లు తే."

"ఉప్పు లేకుండ తింటవా?"

"అద్దుకుంటే నీ ఫోన్ చెప్తది కదా!"

షెడ్డు తలుపు తీసేసరికే వెంకటప్పయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన తాతగారు కృష్ణా వైపునుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. తరాలు మారినా మాటలో ఆ వైపు వాసన పోలేదు. మంచి మనిషే. తిట్టనైనా తిట్టడు, వచ్చి ఎదురుగా కూర్చుంటాడు, అది తిట్టుకన్నా కష్టం.

"తోట తల వేలాడేసింది సాబిరూ," అన్నాడు. "ఇవాళ తడి పడకపోతే కాయంతా ముడుచుకుపోద్ది. ఈ కాపు మీదే ఉన్నాం."

"పొద్దుగాలనే అయిపోతది, కూసోండ్రి."

నిన్న సాయంత్రానికే సగానికి పైగా చుట్టేసి ఉంది. సాబిర్ గోనెపట్టా పరుచుకుని, గొట్టాన్ని కాళ్ల మధ్య బిగించి పనిలో దిగాడు. ఫజిలత్ షెడ్డుకు రావడం మానేశాక రెండు వైపులా తనే. ఇటు దూర్చి, పక్కకు జరిగి అటు లాగి, మళ్లీ ఇటు. పీతలా అటూ ఇటూ జరగడం. తీగ నున్నగా జారిపోతుంటే పెదవుల మీద లెక్క నడుస్తోంది. గాడి ముప్పాతిక నిండింది.

టింగ్.

చెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది. డెబ్బై తొమ్మిది. బాగానే ఉంది. ఫోన్ జేబులో పెట్టి తీగ అందుకున్నాడు. నోరు తెరిచాడు. నోట్లో ఏ అంకే లేదు.

వెంకటప్పయ్య చూస్తూనే ఉన్నాడు. సాబిర్ ఆ గాడి తీగంతా వెనక్కి లాగేశాడు, మొదటి నుంచి మొదలెట్టాడు. మళ్లీ సగంలో ఉండగా టింగుమంది. ఈసారి చూడకూడదనుకున్నాడు. నాలుగు చుట్లు చూడకుండా గడిపాడు. ఐదోది ఎన్నోదో తెలియలేదు. మళ్లీ లాగేశాడు.

"ఆ ఫోన్ కాసేపు పక్కన పెట్టరాదటయ్యా?" అన్నాడు వెంకటప్పయ్య. కోపంగా కాదు, బతిమాలినట్టు.

ఆ ఫోన్ ఎందుకు మోగుతుందో ఆయనకు తెలియదు. చెప్పాలంటే చెప్పొచ్చు. చెబితే ఆ మంచి మనిషి లేచి వెళ్లిపోతాడు, తోట ఎండిపోయినా మళ్లీ అడగడు. అదీ సాబిర్‌కు ఇష్టం లేదు. పొద్దున ఫజిలత్ మాటే చెవిలో ఉంది, నాకు బీమారి వచ్చినంక వచ్చింది అని. ఈ మోటారు మళ్లీ చెడితే ఆ మాట ఆమె లోపల శాశ్వతంగా ఉండిపోతుంది. ఫోన్ తీశాడు. డెబ్బై ఐదు, పచ్చరంగులో. చుక్క మీద వేలు పెట్టి కుడి కొసకు తోసేశాడు. రెండు గంటలు. ఈ ఒక్క మోటారు అయ్యేదాకా, అనుకున్నాడు. ఫోన్‌ను జేబులో కాకుండా ఎదుట అరలో బోర్లా పెట్టాడు.

ఆ తర్వాత నడిచిన పనే పని. ఎన్ని నెలలైందో చేతులు అలా సొంతమై! దూర్చిన తీగ దూర్చినట్టే పోతోంది, లాగిన తీగ లాగినట్టే వస్తోంది, లెక్క ఎక్కడా తొణక్కుండా నడుస్తోంది. ఒక గాడి నిండింది. ఇంకో గాడి. భుజాల నొప్పి తెలియలేదు. చెప్పుకోడానికి సిగ్గే గానీ, ఆ కాసేపు సాబిర్ సుఖంగా ఉన్నాడు. ఫజిలత్‌ను మర్చిపోయాడని కాదు. గొట్టానికి అటువైపు ఆమె కూర్చుని ఉన్నట్టే ఉంది.

అరలో ఫోన్ మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది.

చెవి రెండోదాని కోసం ఆగింది గానీ నోరు ఆగలేదు. రెండోది రాలేదు. లెక్క ఆ రింగు మీదుగా పాత రోజుల్లోలాగే దాటుకుంటూ పోయింది. ఒక్క రింగంటే తొందరేం లేదు. రేగుపళ్లు గుర్తు చేయడానికై ఉంటుంది అనుకుని, లెక్కపెడుతూనే చిన్నగా నవ్వుకున్నాడు.

గాడి పూర్తి చేసి, తీగ కొస మడిచి, ఫోన్ అందుకుని చేశాడు. మోగింది, మోగింది, ఎత్తలేదు. అప్పుడే మసీదులోంచి మధ్యాహ్నపు అజాన్ మొదలైంది. నమాజుకు కూర్చుని ఉంటుంది. యాప్ తెరిచి చూశాడు. డెబ్బై ఐదు. పచ్చగా, గుండ్రంగా, నిక్షేపంగా ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఆ అంకె ఏ వేళదో కూడా రాసి ఉంది. సాబిర్ అంకెను చూశాడు, వేళను చూడలేదు. నిమిషానికోసారి చూసిన కళ్లకు తెర మీదున్న అంకె అంటే ఇప్పటిదే అనే అలవాటు. ఫోన్ అరలో పెట్టి ఆఖరి గాడి పట్టుకున్నాడు.

అది కూడా తప్పు లేకుండా ముగిసింది. కొసలు కలిపి, మోటారు బిగించి, కరెంటు ఇచ్చి చూస్తే చప్పుడు లేకుండా తిరిగింది. వెంకటప్పయ్య గొట్టం మీద అరచేయి ఆనించి కాసేపు ఉంచాడు. "చల్లగా ఉందయ్యా!" అన్నాడు, జ్వరం దిగిన పిల్లవాడి నుదురు పట్టుకున్నట్టు. మోటారు ట్రాలీ ఆటోలో ఎక్కించాక సాబిర్ చేతులు కడుక్కుని ఇంటిదారి పట్టాడు. బస్సులు ఆగేచోట, అడవి పల్లెల నుంచి వచ్చిన ఒక ముసలామె రేగుపళ్ల గంప ముందు కూర్చుని ఉంది. ఎర్రగా పండినవి ఏరి ఏరి కాగితం పొట్లం కట్టించుకున్నాడు. తొందరేం లేదు కదా.

ఫజిలత్ గుమ్మంలో కూర్చుని ఉంది. ద్వారబంధానికి తల ఆనించి, రోడ్డు వైపు ముఖం పెట్టి, ఒళ్లో ఫోన్ పెట్టుకుని. చూడగానే మనసు తేలికపడింది. ఎదురుచూస్తూ కునుకు తీసింది పాపం.

"తెచ్చిన లే నీ రేగుపండ్లు," అన్నాడు చెప్పులు విడుస్తూ.

అప్పుడే చేతిలో ఫోన్ టింగుమంది. రెండు గంటలు నిండాయి. తెర మీద అంకె లేదు. "కొలత అందలేదు. బ్యాండును చేతికి బిగుతుగా పెట్టుకోండి" అని ఉంది.

అవును, ఆమె చిక్కిపోయింది కదా, వదులైంది. సాబిర్ పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన తొడ మీద పెట్టుకుని బ్యాండును ఒక కంత ముందుకు బిగించాడు. ఫోన్ తీసి, చుక్కను ఎడమ కొసకు, నిమిషానికి లాగేశాడు. అడుగున పచ్చ దీపం వెలిగింది. అతను ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. టింగ్. కొలత అందలేదు. ఇంకో కంత బిగించాడు. పట్టీ ఆమె చర్మంలోకి దిగింది. నొప్పి పుట్టేంత బిగుతు. ఆమె ఏమీ అనలేదు. టింగ్. కొలత అందలేదు. ఇంకా బిగించడానికి కంతలు లేవు.

రోజంతా ఏది చల్లన, ఏది వేడి అని తేల్చే వేళ్లు అవి. వాటికి ఎప్పుడో తెలిసిపోయింది. సాబిర్‌కే తెలియడానికి ఇంకొన్ని నిమిషాలు పట్టింది.

ఆ వీధిలోనే వైద్యం చేసే రామ్‌చందర్ వచ్చి, మెడ దగ్గర వేళ్లు పెట్టి, కనురెప్పలు ఎత్తి చూసి, ఆమె కొంగు సవరించి లేచాడు. "పక్కన ఉన్నా ఏం చేయలేకపోదువు సాబిర్ భాయ్," అన్నాడు. ఓదార్పుకు అన్నాడో, నిజమే అన్నాడో! అడుగుదామనుకుని సాబిర్ అడగలేదు. నిజం కాదంటే ఎలా బతకాలి?

సుమేరా వచ్చేలోపే ఇల్లు నిండిపోయింది. మిరప తోటలోంచి ద్వాలి పరుగెత్తుకొచ్చింది. చేతులు మిరపకాయల ఘాటుతో ఉన్నాయి, వాటితోనే కళ్లు తుడుచుకుంది. సాబిర్ ముందు నేల మీద చతికిలబడింది.

"పెరుగు ఇయ్యనీకి వచ్చిన అన్నా. మొకమంత చెమటలున్నయ్. అన్నకు ఫోన్ చెయ్ అక్కా అన్న. ఒక్క రింగిచ్చి పెట్టేసింది. మళ్ల చెయ్ అంటే వద్దన్నది. 'ఆయన లెక్కల ఉంటడు ద్వాలీ, ఈ మోటార్ మళ్ల వాపసు వస్తే తట్టుకోలేడు. గాడి అయినంక ఆయనే చేస్తడు' అన్నది. గాలి తగులుతదంటే గుమ్మంల కూసోబెట్టి పోయిన. మంచిగనే ఉన్న, నువ్వు పో, కూలి పోతది అన్నదన్నా. నేను పోకుండ ఉండాల్సింది."

ఫజిలత్ చెప్పింది చెప్పినట్టే జరిగింది. గాడి అయ్యాక అతనే చేశాడు. ఆమె లోపల గుండె లెక్క తప్పుతుంటే, అతని లెక్క తప్పకూడదని ఆగింది. జీవితమంతా ఆగినట్టే ఆగింది. అతని ఏడుపు అప్పుడు వచ్చింది. పెద్దగా, సిగ్గు విడిచి, గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు.

ఆడవాళ్లు ఆమెకు ఆఖరి స్నానం చేయించి, చెవి దుద్దులు, చేతి బ్యాండు తీసి ఒక స్టీలు పళ్లెంలో పెట్టి సుమేరాకు ఇచ్చారు. పట్టీ బిగిసినచోట మణికట్టు మీద ఎర్రటి గీత ఉందా, లేదా అని సాబిర్‌కు అడగాలనిపించింది. పొద్దు వాలకముందే ఖబ్రస్తాన్‌కు మోసుకెళ్లి మట్టి ఇచ్చి వచ్చారు. దారి పొడవునా వెంకటప్పయ్య వెనకాలే నడిచాడు. తిరిగి వస్తుంటే ఏం మాట్లాడాలో తోచక, తోచిన ఒక్క మాటా అన్నాడు.

"మోటారు దించాం సాబిరూ. చల్లగా నడుస్తోంది. నీళ్లు తోటంతా పారినై."

అనగానే నాలిక కరుచుకుని తల దించుకున్నాడు. సాబిర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "లెక్క తప్పలే," అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఇంట్లో మనుషులు పలచబడ్డారు. చిక్కుడుకాయల చాట ఇంకా వంటింటి గడప పక్కనే ఉంది. గోడకున్న గూట్లో సుమేరా ఆ పళ్లెంలోని వస్తువులు పెట్టింది. రేగుపళ్ల పొట్లం కూడా ఎవరో తీసి అక్కడే పెట్టారు. సాబిర్ ఒళ్లో ఫోన్ టింగుమంది. కొలత అందలేదు, బిగుతుగా పెట్టుకోండి. నిమిషం గడిచింది. మళ్లీ అదే మాట. పెదవులు కదులుతున్నాయి; ఏం లెక్కపెడుతున్నాడో అతనికే తెలియదు.

"అబ్బా," అంది సుమేరా. "అది బంద్ చేస్త. లేకుంటే గంటకన్న పెడత."

సాబిర్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"జరుపకు బిడ్డా. నేనొకసారి జరిపిన."

సుమేరా అతని భుజానికి తల ఆనించి కూర్చుంది. గూట్లో, రేగుపళ్ల పొట్లం పక్కన, ఖాళీ బ్యాండు పచ్చగా వెలిగింది, కాసేపు వెతికింది, ఆరిపోయింది, నిమిషం తిరిగాక మళ్లీ వెలిగింది.